అత్తయ్య తొట్టిలో తిన్న రోజు

నేను వండిన కూరకి సవాలక్ష వంకలు పెట్టే మా అత్తయ్య, జ్యూస్ ఫ్యాక్టరీ వాళ్లు పారబోసే పండ్ల పిప్పిని మాత్రం కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంటుంది. పొట్టేళ్ల మేతకని మా షెడ్డు దగ్గర డ్రమ్ము దించగానే చిటికెడు తీసి రుచి చూడాల్సిందే. కాస్త బూజు వాసన తగిలిందా, డ్రైవర్‌ని దులిపేస్తుంది. "నా పొట్టేళ్ల కడుపు చెడితే నువ్వొచ్చి ఎత్తిపోస్తావా?" జ్యూస్ కొనుక్కునేవాళ్లు కూడా ఇన్ని మాటలనరని అతను పాపం గొణుక్కుంటాడు.

మొన్న ఫ్యాక్టరీలో అనాస అయిపోయి బత్తాయి మొదలెట్టారు. కొత్త మేతని పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చెయ్యాలని కనబడ్డవాళ్లందరికీ చెప్పే మనిషి, ఆవేళ హడావుడిలో తొట్టి నిండా బత్తాయి తొక్కలే పోసేసింది. మాంసం కొట్టు ఆయన వస్తున్నాడని ఆ హడావుడి. ఆయన తూకాన్ని నమ్మడు, కళ్లెదుట మేస్తేనే కొంటాడు. మేత ముట్టకపోతే రోగమున్నట్టే లెక్క. ఈ బేరం కూడా కుదరకపోతే షెడ్డు ఎత్తేద్దామని మామయ్యగారు తెగేసి చెప్పేశారు. షెడ్డు లేకపోతే అత్తయ్య రోజంతా వంటింట్లో నా వెనకాలే! అమ్మో, బేరం కుదరాలని ఆమెకన్నా నేనే గట్టిగా కోరుకున్నాను.

పొట్టేళ్లు తొట్టిలో వాసన చూసి మూతి తిప్పుకున్నాయి.

"ఏంటమ్మా, నలతగా ఉన్నాయా?" అన్నాడు కొట్టు ఆయన.

"నలతా నీ మొహమా! కొత్తవాళ్లని చూసి సిగ్గుపడుతున్నాయి," అంటూ అత్తయ్య తొట్టి ముందు చతికిలబడి, ఓ తొక్క నోట్లో పెట్టుకుని కరకరా నమిలింది. చేదుకి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా "ఆహా, ఏం రుచి!" అని లొట్టలేసింది. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగిపోయాను.

చెవి చీలిన బుజ్జిగాడు అప్పుడొచ్చాడు. తల్లి చనిపోతే అత్తయ్యే సీసాతో పాలు పట్టి పెంచిన పొట్టేలు వాడు. ఆమె మూతి వాసన చూసి, ఆమెని పక్కకి నెట్టేసి తొట్టిలో తల దూర్చాడు. ఇంకేముంది, మిగతావన్నీ ఎగబడ్డాయి.

"అన్నీ తీసుకుంటానమ్మా," అన్నాడు కొట్టు ఆయన. "ముందు ఇదిగో, ఈ తిండిపోతుని ఎక్కించండి."

అత్తయ్య మొహం వాడిపోయింది. మాటంటే మాటే కదా, కాదనలేదు. బుజ్జిగాడు బండి దగ్గర మొరాయించాడు. తాడు లాగబోతే అత్తయ్య వద్దంది. గుప్పెట్లో తొక్కలు పట్టుకుని తనే బండెక్కింది. వాడు ఆమె వెనకే ఎక్కేశాడు. దిగేటప్పుడు అత్తయ్య ఒక్కతే దిగింది, ఏడుస్తూ.