కన్న గొర్రె, పాలిచ్చిన గొర్రె

నేను నోటితో చెబుతుంటే మా ఊరి టీచరమ్మ రాస్తోంది. నాకు వచ్చిన అక్షరాలు నా సంతకానికే చాలవు.

మాది నడిగూడెం పక్కన ఊరు. మా ఆయన పోయాక గొర్రెల మంద నా చేతికి వచ్చింది. మాకు ఒక్కతే బిడ్డ. సూర్యాపేటలో డిగ్రీ చదివింది, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసింది. ఏం చదువంటే జీవపరిణామం. తరతరాలుగా జీవాలు ఎలా మారుతూ వచ్చాయో కనిపెట్టే చదువు. దానికోసం ఏ పులినో, ఏ ఏనుగునో చూపిస్తారనుకున్నాను. అది తిన్నగా ఇంటికొచ్చి మా గొర్రెల్నే పట్టుకుంది. మా మందలో కొన్నింటికి చెవులు ఆకుల్లా వేలాడతాయి, కొన్నింటికి చింతగింజంత ఉంటాయి. ఆ పొట్టి చెవులు తల్లి నుంచి పిల్లకు ఎలా దిగుతున్నాయన్నది దాని ప్రశ్న.

ఒక్కో పిల్లను పట్టుకుని "అమ్మా, దీని తల్లేది?" అని అడిగేది. నేను చూపించేదాన్ని. అది రాసుకుని, రెండింటి దగ్గరా రక్తం చుక్క ట్యూబులో పట్టేది. నేను చెప్పిందల్లా పుస్తకంలోకి ఎక్కుతోందని నాకు పొగరెక్కింది. మిర్యాలగూడలో ఉన్న మా ఆడబిడ్డకు పనిగట్టుకుని ఫోన్ చేశాను.

"ముప్పై ఏండ్లొచ్చినయ్ పిల్లకు. ఇంకా సదువేంది వదినా? నౌకరి ఎప్పుడు జేస్తది?" అంది ఆమె.

"సదువు ఖతమయింది. ఇగ పోస్ట్‌డాక్ జేస్తది."

"అదేంది?"

"మస్తు పెద్ద నౌకరి," అన్నాను. నాకు తెలిస్తే కదా!

తెలిశాక పొగరు దిగింది. ఒక పెద్ద ప్రొఫెసర్ దగ్గర రెండేళ్లు పరిశోధన చేయాలట. అది కాగానే ఇంకోచోట వెతుక్కోవాలట. అలా తిరిగీ తిరిగీ ఎక్కడో ఒకచోట నిలకడైన ఉద్యోగం దొరికితే దొరికినట్టట. వరి కోతలయ్యాక మేమూ గరిడేపల్లి వైపు పొలాల్లో మంద పెడతాం. గొర్రెల ఎరువుతో ఒక రైతు పొలం నిండాక ఇంకో రైతు పిలవాలి, పిలిచినచోటికి పోవాలి. ఆ తిరుగుడు తప్పాలనే బిడ్డను చదివించాను. ఇన్నేళ్లు చదివి అదీ మంద పెట్టడానికే తయారైంది.

ఆ మందకైనా ఎవరూ పిలవలేదు. అది పంపిన దరఖాస్తులు సంతలో అమ్ముడుపోని గొర్రెల్లా ఏడాదిపాటు తిరిగొచ్చాయి. చివరికి బెంగళూరులో ఒక పరిశోధనా కేంద్రం వాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారు. గొర్రెల పుట్టుక మీదే పని. "ఇది గూడ రాకుంటే ఇడిసిపెడ్తనే అమ్మా. కోదాడలో ఇంటర్ పిల్లలకు పాఠాలు జెప్పుకుంట," అంది బిడ్డ. పాఠాలు చెప్పడం తక్కువ పనని కాదు. ఆ మాట అంటున్నప్పుడు దాని మొహం నేను చూశాను.

ఇంటర్వ్యూ నాలుగు రోజులుందనగా అది కోదాడలో బస్సు దిగి, ఆటో ఎక్కి ఇంటికొచ్చింది. భుజాన సంచి కూడా దించలేదు.

"అమ్మా, ఆగమైపోయిన. ఇంటర్వ్యూకని లెక్కలన్నీ మళ్ల జూస్తే ఏడు పిల్లల రక్తం వాటి తల్లులతోని కలుస్తలేదు. నేనే ట్యూబులు అటీటు జేసినట్టున్న. ఏడే తప్పో, అన్నీ తప్పో ఎట్ల తెలుస్తది? ఇగ నా పనిని ఎవరు నమ్ముతరు?"

తల్లి అన్నాక ఓదార్చాలి కదా. నేను తిట్టాను. "సిన్నప్పటి సంది నీకు సోయి లేదే! పలకొక తాన, బలపమొక తాన. గిట్లయితే నిన్నెవడు పిలుస్తడు?" నా గొంతు మామూలుగానే రంపం, మందను అదిలించీ అదిలించీ అరిగిపోయింది. ఆ గొంతుతో అలుపొచ్చేదాకా కోశాను. పాపం, అది కళ్లు తుడుచుకుంటూ ఆ ఏడు పిల్లల గుర్తులు చదివింది. నల్ల మోకాళ్లది. చెవి చిరిగింది. నుదుట బొల్లి ఉన్నది. మూడోది వినేసరికి నా తిట్టు నోట్లోనే ఆగింది.

మా పనిలో ఒక పద్ధతుంది. ఒక గొర్రె పిల్ల చచ్చిపోయి, ఇంకో పిల్లకు తల్లి లేకపోతే, చచ్చిన పిల్ల తోలు తీసి ఆ తల్లిలేని దానికి చొక్కాలా తొడుగుతాం. గొర్రె వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలిస్తుంది. రెండు మూడు రోజులకు తోలు తీసేస్తాం. కవలలు పుట్టి పాలు చాలకపోయినా ఒకదాన్ని ఇలాగే దాటిస్తాం. ఇక ఆ పిల్లకు అదే తల్లి.

ఆ ఏడూ నేను తోలు తొడిగినవే.

చెప్పకపోతే తప్పు ట్యూబుల మీదే పోతుంది, నా పరువు దక్కుతుంది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆ బుద్ధి కూడా పుట్టింది. తర్వాత చెప్పేశాను.

బిడ్డ నన్ను అలాగే చూసింది. "నేను దీని తల్లేది అని అడిగిన గదమ్మా!"

"అడిగినవ్. పాలిచ్చినదాన్ని జూపిన. సావకుంట సాకింది తల్లి గాదా?"

అది నేలమీద కూలబడి నవ్విందో ఏడ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆ ఏడింట్లో మూడింటి తల్లులు చచ్చిపోయాయి. మిగతా నాలుగు కవలల్లోవి, వాటిని కన్న గొర్రెలు మందలోనే ఉన్నాయి. నేను ఒక్కొక్కటి చెబుతుంటే అది కంప్యూటర్‌లోని రక్తం లెక్కల్లో వెతికింది. మూడు కలిశాయి. నాలుగోది కలవలేదు.

"నీ డబ్బా ఎన్నడన్న గొర్లను కాసిందా?" అని కంప్యూటర్ మీద లేచాను. మరునాడు మంద వెంట నడుస్తుంటే గుర్తొచ్చింది. ఆ రోజు వానలో రెండు గొర్రెలు పక్కపక్కనే ఈనాయి. కంగారులో ఒకదాని పిల్లను నేనే రెండోదాని కవల అనుకున్నాను. డబ్బా చెప్పిందే నిజం.

ఇంటర్వ్యూ మా ఇంట్లోనే, ఫోన్‌లో వీడియో కాల్. బిడ్డ జరిగిందంతా మొదటే దాచకుండా చెప్పింది. అడిగేవాళ్లలో ఒక పెద్దాయనకు తెలుగు వచ్చు. "మీ అమ్మగారితో మాట్లాడవచ్చా?" అన్నాడు. నేను కొంగు సర్దుకుని ఫోన్ ముందుకు జరిగి "దండాలు సారూ!" అన్నాను. అవతల ఒకామె ఉలిక్కిపడి చెవిలో పెట్టుకున్నది పీకేసింది.

"అమ్మా, ఈ ఏడు కాక మీరు మరిచిపోయినవి ఇంకా ఉన్నాయా?"

లేవని చెబితే బిడ్డకు మంచిదేమో. కానీ ఆ నాలుగో పిల్ల గుర్తొచ్చింది. "ఉన్నయో లేవో, సారూ. ఒకటి నేనే తప్పు జెప్పిన. నన్ను నమ్మకుండ్రి, రక్తాన్ని నమ్ముండ్రి. నా బిడ్డ మాత్రం ట్యూబులు కలపలే. నా తప్పుకు అది తిట్లు తిన్నది."

ఆయన నవ్వాడు. మిగతావాళ్లకు ఇంగ్లీషులో చెప్పాడు, వాళ్లూ నవ్వారు. తర్వాత నన్ను వదిలేసి బిడ్డను చాలాసేపు అడిగారు. తోలు తొడిగిన పిల్ల ఏ ఆకు మేయాలో ఎవరి దగ్గర నేర్చుకుంటుంది, కన్న తల్లి రక్తం ఎంత, పెంచిన తల్లి అలవాటు ఎంత అని. నా బిడ్డ అన్నింటికీ తడుముకోకుండా చెప్పింది.

పదిహేను రోజులకు కబురొచ్చింది. తీసుకున్నారు. రెండేళ్లు. మా మందలో ఆ తోలు తొడిగిన పిల్లల మీదే పని. ఆడబిడ్డకు ఫోన్ చేస్తే "రెండేండ్లేనా?" అంది. ఈసారి "రెండేండ్లే," అన్నాను.

పోయేటప్పుడు బిడ్డ గట్టిగా చెప్పింది, "ఈనిన పూటనే నాకు తెలియాలె. తోలు తొడిగినా, దాటేసినా, అప్పటికప్పుడు మెసేజ్ పెట్టు." రాయడం రాదు కాబట్టి నా గొంతే పంపుతాను. మొన్న అందరూ కూర్చున్న మీటింగ్‌లో అది పొరపాటున నొక్కిందట. గది నిండా నా రంపం మోగిందట: "బిడ్డా, చుక్కలది పొద్దుగాల ఈనింది. ఇది దాని సొంత పిల్లే, నేను కండ్లార జూసిన. అయినా నువ్వు రక్తం జూసుకో!"