ఫాదర్ చదవని చీటీ

2023 వానాకాలం. వనపర్తిలో ఒక చిన్న ప్రసూతి దవాఖానలో స్టాఫ్ నర్సుగా నాకది పద్దెనిమిదో ఏడు. మా కతోలిక విచారణలో, అంటే మా గుడి కిందికి వచ్చే ఊళ్లలో, కడుపులోని బిడ్డలను కాపాడాలని పనిచేసే బృందానికి పెద్దను కూడా నేనే. డ్యూటీ వేరు, బృందం వేరు అని అందరికీ చెప్పేదాన్ని. నా నోరు ఊరుకుంటేగా.

ఆ మంగళవారం ఓపీకి, అంటే రోజూ పేషెంట్లను చూసే గదికి, మా విచారణకే చెందిన ఎలిశమ్మ వచ్చింది. మూడో నెల. భర్తతో పుణెకు కూలికి పోవాలి. కడుపుతో ఉన్నదాన్ని తీసుకుపోనని మేస్త్రీ తేల్చి చెప్పాడట. ఎంటీపీ, అంటే చట్టప్రకారం చేసే గర్భస్రావం, కావాలంది. ఆలోచించుకుని సోమవారం రమ్మంది డాక్టరమ్మ.

మా బృందానికి ఒక ఆనవాయితీ ఉండేది. అలాంటి తల్లి పేరు తెలిస్తే పూజ తలంపుల చీటీలో రాసిస్తాం. ఫాదర్ పీఠం దగ్గర చదువుతారు, గుడంతా ప్రార్థిస్తుంది. తర్వాత ఆ ఇంటి ముందు మోకరించి జపమాల చెబుతాం. ఆదివారం పూజకు ముందు ఎలిశమ్మ పేరు, ఊరు రాసి ఫాదర్‌కిచ్చాను. నర్సుగా ఎంత తప్పు చేస్తున్నానో తట్టనే లేదు.

ఫాదర్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఇది చదవను. ఆ ఇంటికి ఎవ్వరూ పోవద్దు. బిషప్ మేత్రాణుల వారి ఆజ్ఞ కూడా ఇదే.”

“రేపే సోమవారం ఫాదర్. బిడ్డ పోతే పాపమెవరిది?”

“నాది. నువ్వు మాత్రం పోకు.”

పూజయ్యాక బృందంలోని శౌరమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. “ఫాదర్‌కు భయం. నువ్వు నడువ్, మేమొస్తం.”

నాకూ పోవాలనే ఉంది. కానీ నచ్చిన మాటకే లోబడితే అది లోబడటం ఎట్లా అవుతుంది? “ఎవ్వరూ కదలొద్దు” అన్నాను. మనసులో ఫాదర్‌ని తిట్టుకుంటూనే అన్నాను.

సోమవారం పొద్దున్నే వచ్చిన ఎలిశమ్మ, డాక్టరమ్మ గదికి పోకుండా నా పక్కన కూర్చుంది.

“నిన్న గుడికొచ్చిన సిస్టర్. లోపలికి రాలే. నా పేరు చదువుతరేమోనని గోడవతల నిలబడి విన్న.”

“చదివితే?”

“అటునుంచటే పట్నం పోయి తీయించుకునేదాన్ని. మా అత్తకు గూడ తెల్వదు. చదవలే. అంటే మీరు ఎవ్వరికీ చెప్పలేదు కదా, మీతోని మాట్లాడొచ్చు అనుకున్న. నాకు తీయించుకోవాలని లేదు. మేస్త్రీకి జర ఎవరన్న చెప్పాలె.”

సిగ్గుతో చచ్చిపోయాను. దాచడం చేతకాలేదు. “రాసిచ్చింది నేనే. చదవనిది ఫాదర్.”

ఎలిశమ్మ నా పక్కనుంచి లేచి నిలబడింది.

“గట్లయితే ఫాదర్‌నే మాట్లాడమను” అంది.

ఆయనే మాట్లాడారు. మేస్త్రీ ఆమె భర్తను ఒక్కడినే తీసుకుపోయాడు, ఎలిశమ్మకు ఇక్కడే పని చూపించడం మా బృందం వంతయింది. మార్చి నెలలో ఆడపిల్ల పుట్టింది, నా చేతుల మీదే.

శౌరమ్మక్క ఇప్పటికీ సణుగుతుంది. సణగనీ. మా చీటీల్లో ఇప్పుడు పేర్లుండవు, మేం ఎవరి గడప ముందూ మోకరించం. ఓపీలో విన్న పేరును కడుపులో దాచుకోవడం నాకు పద్దెనిమిదేళ్ల డ్యూటీ నేర్పలేదు, ఇష్టం లేకుండా విన్న ఫాదర్ మాట ఒక్కటి నేర్పింది.