మట్టిలో కూరుకున్న అంటు

1964లో నేను నిజామాబాద్‌లో ఒక నర్సరీలో మొక్కలకు అంటుకట్టే పని చేసేవాణ్ని. చేతిలో కత్తి చురుకు, నోట్లో మాట అంతకంటే చురుకు. నా పనితనాన్ని ఎవరైనా పొగిడితే కాదనే అలవాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మోసంబి మొక్క అంటే నిజానికి రెండు చెట్లు. పైన తీపి మోసంబి, కింద వేరుకు ముండ్ల పుల్లనిమ్మ. ఆ కింది భాగాన్ని మేం రూట్‌స్టాక్ అంటాం. తరతరాలుగా మనిషి తీపి చూసి, రసం చూసి, ముండ్లు తక్కువున్నవి ఏరి మోసంబిని గారాబంగా పెంచాడు. ఆ గారాబంలో రోగాన్ని ఓర్చుకునే సత్తువ తగ్గిపోయింది. ఎవరూ పట్టించుకోని పుల్లటి చుట్టం దగ్గర అది మిగిలింది. అందుకే దాని వేరు మీద దీన్ని నిలబెడతాం.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు మాక్లూర్ దగ్గరి పల్లె నుంచి రాజవ్వ కబురు పంపింది. నాలుగేళ్ల కింద ఆమెకు నలభై మొక్కలు నేనే ఇచ్చాను. ఎండాకాలాల్లో కుండలతో నీళ్లు మోసి బతికించుకుంది. వెళ్లి చూస్తే ఆకులు పాలిపోయాయి, మొదళ్ల నుంచి జిగురు కారుతోంది. మేం గమ్మోసిస్ అనే బంకతెగులు అది. బెరడు చుట్టూతా కుళ్లిందంటే చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆమె భర్త లింగన్న తోట ఒడ్డు మీద నిలబడి ఉన్నాడు. "ఇగ సాలు. కొట్టేసి చెరుకు పెడ్త. ఫ్యాక్టరీకి ఎంతైనా కావాలె," అన్నాడు.

"నా సేతుల మీద పెరిగినయ్. ఈ ఒక్క వానకాలం ఆగు," అని రాజవ్వ బతిమాలింది.

ప్రతి చెట్టు మొదట్లో మూరెడు ఎత్తు మట్టి కుప్ప ఉంది. నాకు ఒళ్లు మండింది.

"గింత మట్టి ఎవలు పోసిండ్రు అవ్వా?"

"ఇంకెవలు, నేనే. పసుపుకు ఎగదోస్తం గద, గట్లనే దోసిన. మొదలు సల్లగుంటదనుకున్న. నువ్వు పొయ్యొద్దన్నవా బిడ్డా?"

అనలేదు. తీపి గురించి గంటసేపు గొప్పలు చెప్పి, పై మోసంబీ కింది నిమ్మా అతుక్కునే అంటుముడి ఎక్కడుందో చూపించకుండానే మొక్కలు చేతిలో పెట్టాను. పసుపు పండించేవాళ్లు ఏ మొదలుకైనా మట్టి ఎగదోస్తారు, అది వాళ్ల పనితనం. ఆ మట్టిలో ముడి కూరుకుపోయి, సుకుమారమైన మోసంబి బెరడు తడిలో నానింది. ఇక కింద ఎంత గట్టి వేరుంటే ఏం లాభం?

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి, "లింగన్న చెప్పిందే నయం, కొట్టేయుండ్రి," అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

రాజవ్వ ఏడవలేదు. చెయ్యి పట్టుకుని మోటబావి కాలువ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఎవరూ నాటని ముండ్ల పుల్లనిమ్మ ఒకటి బురదలో దర్జాగా నిలబడి ఉంది. మొదట్లో చుక్క జిగురు లేదు.

"ఇది ఎప్పుడు సూసినా నీళ్లలనే ఉంటది, దీనికేం కాదు. దీని కింద మొక్కలు శాన మొలిసినయ్. గివాటి కాళ్లు నా చెట్లకు పెట్టరాదా?"

పక్కన నాటిన మొక్కను చెట్టుకు అతికించే ఆ పనిని మేం ఇనార్చింగ్ అంటాం. మామిడికి ఏళ్ల తరబడి కట్టినవాణ్ని, చావబోయే మోసంబికి కొత్త వేళ్లివ్వొచ్చని నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. ఎంత తెలివి ఆమెది!

లింగన్న గొణుగుతూనే ఒప్పుకున్నాడు. మట్టి తీసి ముడులు బయటపెట్టాం. కుళ్లిన బెరడు చెక్కేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డోపేస్ట్ పూశాం. చెట్టు చుట్టూ మూడేసి నిమ్మమొక్కలు నాటి, వాటి కొసలు ఏటవాలుగా కోసి, కుళ్లుకు పైన మంచి బెరడు కిందికి దూర్చి అరటినారతో కట్టాం. మూడో రోజుకు నా కత్తి రాజవ్వ చేతిలోకి పోయింది. నేను మొక్కలు అందించేవాణ్నయ్యాను.

దసరాకు మళ్లీ వెళ్లాను. ఆరు చెట్లు ఎండిపోయాయి. మిగతావాటికి వచ్చిన చిగుళ్లు చూసి రాజవ్వ ఎదుటే నాకు కళ్లు చెమర్చాయి. లింగన్న ఎండినవాటిని పీకి గుంతలు తీస్తున్నాడు.

"చెరుకేనా అన్నా?" అని అడిగాను.

"చెరుకెందుకు? గా ముండ్లదాని మొక్కలే పెడ్తున్న. ఏడాదైనంక వచ్చి మోసంబి అంటుకట్టు. నీకు తీరకుంటే రాకు, మా ఆమె కడ్తది."

ఆ తర్వాత నా చేతి మీదుగా మొక్క కొన్నవాళ్లెవరినీ ఊరికే పంపలేదు. అంటుముడి మీద వాళ్ల వేలు పెట్టించి, మట్టి ఇక్కడి దాకా రావొద్దని వాళ్ల నోటితోనే అనిపించేవాణ్ని. కొందరు విసుక్కునేవాళ్లు. విసుక్కోనీ.