కుళాయి దగ్గర అడిగే మాట

ప్రోతరాపూర్ టీచర్ గారు పోయారని, డైరీ ఫార్మ్ అనే మా పేటలో నా టైలరింగ్ కొట్టు తెరుస్తుండగా ఫోనొచ్చింది. షట్టర్ సగంలోనే పట్టుకుని నిలబడిపోయాను.

ఆవిడ రిటైరయ్యాక, ఈ దీవికి వలసొచ్చిన మా తెలుగువాళ్ళ మొగుడూపెళ్ళాల తగువులన్నీ ఆవిడ గడపకే వచ్చేవి. మాకో పద్ధతుంది. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే పళ్ళెంలో టిఫిను పెట్టి, పెద్దలు మాట్లాడతారు. పళ్ళెం ఖాళీ అయితే రాజీ కుదిరినట్టే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

నన్నూ అలాగే కూర్చోబెట్టారు. మా ఆయన మోచెయ్యి నాకు తగులుతూనే ఉంది. "కొడతాడేటమ్మా?" అని టీచర్ గారు అడిగారు. లేదన్నాను. పక్కన ఆయనుండగా ఇంకేం చెబుతాను? ఉప్మా తిని, బస్సెక్కి ఇంటికెళ్ళాం. ఆ వారంలోనే నా కుడిచెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని, "అడగరాని చోట అడిగీసేనే," అన్నారావిడ. నన్ను మళ్ళీ అక్కడికి పంపలేదు. కొట్టు పెట్టుకునేదాకా తన ఇంట్లోనే ఉంచుకున్నారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో పళ్ళెం పద్ధతి పోయింది. తగువుతో ఎవరొస్తామన్నా కుళాయి వచ్చే రోజునే రమ్మనేవారు. మొగుణ్ణి వరండాలో తన భర్తకు అప్పజెప్పి, "చాయ్ తాగు భయ్యా, నీళ్ళు పట్టేసి వస్తాం," అని ఆ అమ్మాయిని పెరట్లోకి తీసుకెళ్ళేవారు. డ్రమ్ములో నీళ్ళు పడుతుంటే మాట వరండాదాకా వినబడదు. "ఇంటికెళ్ళాలంటే భయమేస్తాదేటమ్మా?" అని అక్కడ అడిగేవారు. ఔనంటే ఇక రాజీ ఊసే ఉండదు. అమ్మాయి కొన్నాళ్ళు తన దగ్గరే ఉంటుందని తన నిర్ణయంగా చెప్పేవారు, అతని కోపం ఆ పిల్ల మీదికి పోకుండా.

కాపురాలు కూలుస్తోందని పెద్దలు సణిగారు. "నిలబెట్టిన కాపురం ఒకటి చాలు నాకు," అనేవారు.

నా చెయ్యి అతికింది గానీ పూర్తిగా వంగదు. నేను ఎడమచేత్తో టీ గ్లాసు తీసుకున్నప్పుడల్లా ఆవిడ చూపు తిప్పుకునేవారు. మీ తప్పు లేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆ బరువు దించుకోకుండానే వెళ్ళిపోయారు. నా బాధంతా అదే.

దినం రోజున ముందుగది నిండా ఆడవాళ్ళం. చాలామందికి ఒకరికొకరు తెలీదు. ఇంతలో కుళాయి వచ్చింది. డ్రమ్ములో నీళ్ళ చప్పుడు వినగానే ఒకామె లేచి పెరట్లోకి వెళ్ళింది. వెనకే ఇంకొకామె. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. నన్నెప్పుడూ అక్కడ అడగకపోయినా నేనూ వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డాను. డ్రమ్ము నిండి, నీళ్ళు మా పాదాల మీదుగా పోతున్నాయి. కుళాయి కట్టేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.