రెండో సంతకం

ఈ ఉదయం సంత్రాగాఛిలో ఒక పంపు హౌస్ ప్యానెల్ తలుపు తీయగానే తడి దుమ్ము, వేడెక్కిన వార్నిష్ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఏళ్లు గడిచినా ఆ వాసనకు నా కుడిచెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఆ చేతికి భయం నేర్పింది జాకబు గారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన మా ఎలక్ట్రీషియన్. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి బెంగాల్ వచ్చి, ఇక్కడి టికియాపారాలో స్థిరపడిన కుటుంబం. బెంగాలీలంతా జాకబ్‌దా, అంటే జాకబన్న, అనేవారు. నేను ఖమ్మం నుంచి ఇంజనీరింగ్ పట్టాతో, దానికి రెండింతల పొగరుతో దిగినదాన్ని. తెలుగమ్మాయినని ఆయన మొదటిరోజే టీ ఇప్పించారు. నేను మాత్రం పని చెప్పడానికే ఆయన్ని పిలిచేదాన్ని.

ఒక వానాకాలం మధ్యాహ్నం పంపు ఆగిపోయింది. డ్రాయింగ్ చూసి మెయిన్ స్విచ్ ఆపించి, లైన్లో కరెంటు లేదని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, సంచిలోంచి రెండు తీగలు వేలాడే బల్బు తీశారు. ముందు పక్క గదిలోని ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతోందని చూసుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"నేను సంతకం పెట్టిన కదా. నమ్మకం లేదా?"

"మీ మీద నమ్మకమేనమ్మా. తీగకి సదువు రాదు గదా."

ఆ తీగలను ప్యానెల్లో తాకించారు. బల్బు ఠక్కున వెలిగింది.

ఆ బల్బే లేకపోతే అక్కడ ఆయన వేళ్లుండేవి. నా సంతకాన్ని జేబులో పెట్టుకుని నా కళ్లముందే పోయేవారు.

"ఏటమ్మా, అలగుండిపోనారు? టార్చి పట్టండి," అన్నారు. తీగ వెంట నడిచాం. నీళ్లు నిలిచిన రోజుల్లో ఎవరో పక్క షెడ్డు నుంచి రెండో లైను లాగి వదిలేశారు. డ్రాయింగులో అది లేదు. ఆయన చూపిస్తుంటే నేను గీశాను. అదీ ఆపించాక బల్బు వెలగలేదు. ఇక పని మొదలుపెడతారనుకున్నాను. ఆయన పాత కాగితం తీసి నా ముందు పెట్టారు.

"ఇది కొట్టీసి ఇంకోటి రాయండి. మీ సంతకం నేకుండా నాను సెయ్యెట్టను."

బల్బు వెలిగినప్పటికంటే అప్పుడే ఎక్కువ దిమ్మెరపోయాను. నా సంతకం ఆయన ప్రాణం మీదికి తెచ్చి గంట కూడా కాలేదు.

"ఇంకా నా సంతకమెందుకు జాకబు గారూ?"

"కరెంటు ఇప్పుడుందో నేదో బల్బు సెప్తాది. నాను లోపలుండగా ఎవుడూ స్విచ్చెయ్యకుండా సూసీది మీరే గదా."

ఈ ఉదయం కూడా ఎలక్ట్రీషియన్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. నా సంచిలోని బల్బు తీసి అతనికిచ్చాను. ప్లగ్గులో వెలిగింది, ప్యానెల్లో వెలగలేదు. అప్పుడు సంతకం పెట్టి, అతని చేతులు బయటికి వచ్చేదాకా స్విచ్చు పక్కనే నిలబడ్డాను.