తోమగా పోయిన నంబరు

మేడ్చల్ మిషన్ దవాఖానాలో కంపౌండరుగా పనిచేసిన మా మేనమామ గత నెలలో ఒక ఆదివారం ఉదయం, చర్చి గంట మోగుతున్న వేళ, కాలం చేశారని పాఠకులకు తెలియజేయడమైనది. మరణ కారణం గుండె జబ్బు. పలువురు పదే పదే అడుగుతున్నందున ఒక విషయం స్పష్టం చేయవలసి వస్తోంది: ఇందులో ఆయన మోటారు సైకిలు ప్రమేయం ఏమీ లేదు. ఆ సమయాన అది కదలకుండా స్టాండు మీద ఉంది.

ఆ వాహనాన్ని విడిచి ఆయనను స్మరించడం సాధ్యం కాదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన సంవత్సరం మిషన్ డాక్టరు దొరగారు స్వదేశానికి వెళ్తూ దాన్ని మామకు అమ్మారు. రశీదులో ఇంజను నంబరు స్పష్టంగా ఉంది. షామీర్‌పేట నుంచి తుర్కపల్లి దాకా ఊళ్లన్నీ దాన్ని ఫట్‌ఫటి అనేవి. మామ మాత్రం "బండి" అనేవారు, అదీ కాస్త గొంతు తగ్గించి, ఇంటి పెద్దలను గురించి మాట్లాడినట్టు. మందుల పెట్టె ముందు, నర్సమ్మ వెనుక, మధ్యలో ఆయన. కష్టమైన కాన్పు ఏ ఊళ్లో ఉన్నా ఆ ముగ్గురూ ఆ క్రమంలోనే చేరేవారు.

చర్చిలోని ఇత్తడి పళ్లేలను, దీపపు సెమ్మెలను ప్రతి శనివారం చింతపండు, ఇటుక పొడితో తోమే బాధ్యత మామది. మిగిలిన పొడిని పారబోయడం ఆయన స్వభావంలో లేదు. అదంతా ఇంజనుకు చేరేది. ఇంజను అద్దంలా మెరిసేది. ఏడేళ్ల ఈ భక్తికి ఫలితం యుద్ధం ముగిశాక బయటపడింది. సికింద్రాబాదు సైనిక దండులోని మోటారు సైకిళ్లు మాయమై వేరే పేర్లతో తేలుతున్నాయని, నంబరు చూపి బీమా చేయించని ప్రతి బండినీ జప్తు చేయాలని ఉత్తర్వు వచ్చింది. బీమా కంపెనీ ఇన్‌స్పెక్టరు భూతద్దంతో మా వాకిట్లో కూర్చున్నాడు.

"కంపౌండర్ సాబ్, నంబర్ యాడున్నది?"

"గీడనే ఉండె సార్."

"ఉండె అంటె? యాడికి వోయింది?"

"తోమిన సార్. నేనే."

"ఇంజను తోముడేంది? గిదేమన్న చెంబా?"

బండికి పదిహేను రోజుల గడువు దొరికింది. విషయం తెలిసి కమ్మరి పెద్దాయన తానే వచ్చాడు. "రశీదుల నంబర్ ఉన్నది గద సాబ్. చెప్పు, పొద్దుగూకకముందే కొట్టిస్త. దేవుడు గూడ గుర్తువట్టడు" అన్నాడు.

"దేవుడే గుర్తువట్టకపోతె ఇగ నాకెందుకయ్యా బండి?" అన్నారు మామ. తర్వాత నా వైపు తిరిగి, "నంబర్ కొట్టుడు దొంగలు జేసే పని. నా బండికి నేనే దొంగనైత?" అన్నారు.

విశ్వవిద్యాలయ పట్టా ఉన్న మేనల్లుణ్ని గనుక దరఖాస్తు రాసే పని నాకు పడింది. మహారాజశ్రీలతో, విన్నపములతో రెండు నిండు పుటలు రాసి చదివి వినిపించాను. మామ ఓపికగా విన్నారు.

"మంచిగుంది అల్లుడా. గిండ్ల బండేది?"

పీట తెచ్చి బండి ముందు వేశారు. "కూసో. కండ్లకు గనవడ్డదే రాయి."

ఆ సాయంత్రం పదకొండు ఆనవాళ్లు రాశాను. ట్యాంకు మీద నిమ్మకాయంత సొట్ట: గౌడవెల్లి దారిలో బర్రె అడ్డం వచ్చింది, బర్రె క్షేమం. వంగిన వెనుక సీటు: లాల్‌గడి మలక్‌పేట్‌లో కవలలు పుట్టిన నాడు నర్సమ్మతో పాటు బిడ్డల నానమ్మ కూడా ఎక్కింది. పొగగొట్టానికి రాగి పట్టీ: అదే నానమ్మ, అదే దారి. ఒక్కో గీతకు ఒక్కో ఊరు, ఒక్కో కబురు. విశ్వవిద్యాలయం నాకు పట్టా ఇచ్చింది. రాయడం ఆ పీట మీద వచ్చింది. నా వాక్యం ఏదైనా పాఠకులకు సూటిగా అందితే ఆ పుణ్యం మామదని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను.

ఇన్‌స్పెక్టరు పత్రం పట్టుకుని బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పదకొండూ సరిపోయాయి. "మరి రేపు కొత్త సొట్ట వడితె?" అన్నాడు చివరి ఆయుధంగా.

"రాసి పంపుత సార్."

నంబరుకు బదులు ఆనవాళ్లతో పాలసీ వచ్చింది. మామ మాట తప్పే మనిషి కాదు. ప్రతి కొత్త గీతకూ కంపెనీకి ఒక కార్డు వెళ్లేది. కొంతకాలానికి, ఇకమీదట గీతలు తెలియజేయనక్కరలేదని కంపెనీ సవినయంగా కోరింది. ఆ ఉత్తరం అందినట్టు తెలియజేస్తూ మామ ఒక కార్డు రాశారు. అందులోనే ఇంకో గీత సంగతి కూడా.

ఆయన పోయాక పాలసీ అత్తమ్మ పేరిట మారాలి. లేకుంటే బండి మళ్లీ అనుమానపు సొత్తు అవుతుంది. మళ్లీ జప్తు మాట వస్తుంది.

"నువ్వేమన్న నడుపుతవా అత్తమ్మా?" అన్నాను.

"నేనేడ నడుపుత? గని గిది ఎవలదో దొంగబండి అని ఎవడన్న అంటె వడతనా?"

పోయిన వారం పాత పత్రంతో ఆనవాళ్లు ఒక్కొక్కటే సరిచూశాను. అన్నీ ఉన్నాయి. పత్రంలో లేనిది ఒకటి కనిపించింది. ట్యాంకుకు ఇరువైపులా అరచేయంత మేర రంగు పూర్తిగా పోయి తెల్లని రేకు తేలింది. సొట్ట కాదు, గీత కాదు. కార్డులు వేటిలోనూ దాని ప్రస్తావన లేదు. ఎలా వచ్చిందని అత్తమ్మను అడిగాను.

"మీ మామ మోకాళ్లు గాడ ఆనిచ్చేటోడు గదరా" అంది.

పన్నెండవ ఆనవాలుగా నమోదు చేశాను. కొలత రాయడానికి టేపు తీసి వంగాను. రెండు మచ్చల నడుమ, ఖాళీ సీటు మీద, పొద్దుటి ఎండ పడుతోంది.