బావ తలుపు తీసే మర్యాద

మా బావకు మర్యాద తెలుసని గరిడేపల్లి చుట్టుపక్కల పెద్ద పేరు. ఏ పెళ్లికి వెళ్లినా కారు ఆపి, ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, మా అక్క కూర్చున్న వైపు తలుపు తీసి పట్టుకుని నిలబడేవాడు. అక్క దిగేది. ఆడవాళ్లంతా తమ మొగుళ్ల వైపు చూసేవాళ్లు. "సూడు, పెండ్లాన్ని ఎంత మంచిగ సూసుకుంటుండో" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే బావ చెయ్యి మీసం మీదికి వెళ్లేది.

అసలు సంగతి మాకే తెలుసు. ఆ తలుపు లోపలి నుంచి రాదు. లాక్ పాడైంది. అంతకు మించి మర్యాదా లేదు, మన్నూ లేదు.

బావకు మిర్యాలగూడలో ఎరువుల దుకాణం ఉండేది. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న ఆ రోజుల్లో సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొన్నాడు. రిమోట్ నొక్కితే కుయ్‌మని కూసి నాలుగు తలుపులూ లాక్ అవుతాయి. దుకాణం ముందు నలుగురు చేరితే చాలు, దాన్ని కూయించేవాడు. కడగడం మాత్రం ట్రాక్టర్‌ను కడిగినట్టే. త్రిపురారం దగ్గరి పొలానికి తీసుకెళ్లి, బోరు పైపు తెచ్చి అద్దం సందులోకే పట్టేవాడు. "లోపటి దుమ్ము గూడ పోవాలె" అనేవాడు. దుమ్ము పోయిందో లేదో కానీ, అక్క వైపు లాక్ పోయింది. పైన పటారం, లోన లొటారం.

సూర్యాపేటలో ఒక మెకానిక్ నూనె కొట్టి పంపాడు. మిర్యాలగూడలో ఇంకొకడు వైర్లు తనకు తోచినట్టు కలిపాడు. దాంతో కొత్త రోగం పట్టుకుంది. ఒకసారి రిమోట్ నొక్కితే, లోపల ఉన్నవాళ్లకు ఏ తలుపూ రాదు, తాళంచెవి లేక అద్దాలూ దిగవు. "జర మంచోని దగ్గర చేపియ్యి" అని అక్క మొత్తుకునేది. "చేపిస్త తియ్. నేను తీస్తున్న గద" అనేవాడు. ఎందుకు చేయిస్తాడు? ఎద్దు పుండు కాకికి ముద్దు.

అలా ఉండగా మా నాయనమ్మ చనిపోయింది. అక్కను పెంచింది ఆమే. పెద్దమనవరాలు వచ్చేదాకా ఆగుదామని పాడె సిద్ధం చేసి ఎదురుచూశాం. కారు వచ్చింది. బావ దిగాడు. అంత జనాన్ని చూడగానే ఆయన వేలు రిమోట్ మీద పడింది. చావింటి ముందు కూడా కారు కుయ్‌మంది. అంతలో పెద్దమనుషులు "రా అల్లుడా, నీ కోసమే ఆగినం. భుజం పట్టు" అన్నారు. తన కోసమే అనేసరికి ఉబ్బిపోయి, పెళ్లాం సంగతే మరిచి పాడె దగ్గరికి వచ్చేశాడు. కారు వచ్చింది కాబట్టి అక్క కూడా ఆడవాళ్లలో కలిసి ఉంటుందని మగవాళ్లు పాడె లేపారు. డప్పులు మోగాయి.

అక్క హారన్ కొట్టింది. కారు పక్కనే ఉన్న ఆడవాళ్లలో ఒక పెద్దమ్మ మూతి తిప్పింది.

"ఓయమ్మో, శవం ముంగట గూడ మొగుడొచ్చి తలుపు తీస్తెగాని దిగదట!"

రెండు చేతులతో అద్దం బాదుతున్న మనిషిని చూస్తూ కూడా ఒక్కరూ తలుపు దగ్గరికి వెళ్లలేదు. బావ మర్యాద వాళ్ల బుర్రల్లో అంత గట్టిగా నాటుకుపోయింది.

నేను పాడెకు వెనక వైపు ఉన్నాను. భుజం వదలడానికి లేదు. "బావా, అక్క కార్లనే ఉంది! తాళంచెవి ఇయ్యి!" అని అరిచాను. "వస్తది తియ్" అన్నాడు, తల కూడా తిప్పకుండా. ఆ మనిషి మీద నాకున్న కాస్త గౌరవం ఆ బాటలోనే రాలిపోయింది.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ఇంకా ప్రాణముంటే పలుకుతారని, అక్కడ పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తారు. నేను బావ జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి లాక్కుని వెనక్కి పరుగెత్తాను. తలుపు తీసేసరికి అక్క చీరంతా చెమటకు తడిసిపోయి ఉంది. అరచేతులు కమిలిపోయాయి. చెప్పుల్లేని కాళ్లతోనే ఉరికింది. మా నాయన రెండుసార్లు పిలిచి, అక్క కోసం ఆగాడు. మూడో పిలుపు అక్కే పిలిచింది.

"నాయనమ్మా, నేనొచ్చిన."

నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

పెద్దకర్మకు ముందే అక్క తాళంచెవి తన దగ్గర పెట్టుకుని, నన్ను నడపమని కారును కోదాడ తీసుకెళ్లింది. అక్కడి మెకానిక్ తలుపు లోపలి అట్ట ఊడదీసి పగలబడి నవ్వాడు. "ఏంటండీ, ఈ కారుతో చేపలేమైనా పట్టారా?" అన్నాడు. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలన్నీ బురదతో పూడుకుపోయి ఉన్నాయి. లాక్ మోటారు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొత్త మోటారు వేసి, వైర్లన్నీ ఊడదీసి మళ్లీ కలిపాడు. అక్క లోపల కూర్చుని తలుపు తీసింది, వేసింది, మళ్లీ తీసింది. ఆయన విసుక్కున్నా ఆపలేదు.

పెద్దకర్మ రోజు బావ అలవాటుగా కారు చుట్టూ తిరిగి వచ్చాడు. అప్పటికే అక్క దిగి కొంగు సర్దుకుంటోంది. పట్టుకోవడానికి తలుపు లేక, చాచిన చేతిని ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. ఆ పెద్దమ్మే అడిగింది.

"ఏందే, ఇయ్యాల మీ ఆయన తలుపు తీయలే?"

"లాక్ బాగుచేపిచ్చిన పెద్దమ్మా" అంది అక్క. "ఇగ ఆయనొక్కడే మిగిలిండు."